షాపు ఉన్నవాళ్లు నలభై దాటాక విదేశం వెళ్ళాలా?

ఉద్యోగస్తులు విదేశాలకు వెళ్ళడం గురించి మన తెలుగులో కావలసినంత రాశారు. హెచ్‌1బీ కష్టాలు, గ్రీన్ కార్డు క్యూ, ఊళ్లో ఉన్న అమ్మానాన్నల మీద బెంగ, అన్నీ ఉన్నాయి. సొంత వ్యాపారం చేసుకుంటూ, పిల్లలు ఎదిగి, నలభై దాటిన భార్యాభర్తలు "మనమూ వెళ్ళిపోదామా" అని ఆలోచించేటప్పుడు చదువుకోవడానికి మాత్రం పెద్దగా ఏమీ దొరకదు. కన్సల్టెన్సీల ప్రకటనలు దొరుకుతాయి, అంతే. మా ఇంట్లో ఈ చర్చ చాలాకాలం నడిచింది. రాత్రి షాపు కట్టేసి, అన్నాలు తిన్నాక, లెక్కల పుస్తకాలు ముందేసుకుని మరీ నడిచింది. ఇదే టెన్షన్‌లో ఉన్న ఇంకో జంటకు పనికొస్తుందని అందులో తేలిన సంగతులు రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్లల భవిష్యత్తు అనే ఒక్క కారణంతో, నడుస్తున్న వ్యాపారాన్ని మూసేసి, నలభై అయిదు దగ్గరపడ్డాక దేశం మారడం తప్పు. వెళ్ళాలంటే అక్కడ భార్యకూ భర్తకూ ఇద్దరికీ చేయాలనిపించే పని ఏదో ముందే తెలిసి ఉండాలి. ఒక్కరికి ఉంటే చాలదు. పిల్లలకు ఉంటే అసలే చాలదు.

మాది ఖమ్మం. బోరు మోటార్లు, స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు, కేబుల్, పైపులు అమ్ముతాం. వెనకాల చిన్న వైండింగ్ షెడ్డు ఉంది. మామయ్య పెట్టిన షాపు, ఆయన తర్వాత మా ఆయన చేతికి వచ్చింది. పెళ్ళయిన కొత్తలో నేను మధ్యాహ్నం క్యారియర్ తీసుకెళ్ళి, ఆయన తినేంతసేపు కౌంటర్‌లో కూర్చునేదాన్ని. అలా అలా బిల్లింగ్, బ్యాంకు పని, జీఎస్టీ రిటర్న్‌లు, బాకీల పుస్తకం అన్నీ నా మీదికి వచ్చాయి. మెకానిక్‌లు అక్కా అంటారు, పెద్ద వయసు రైతులు అమ్మాయ్ అంటారు. ఎండాకాలంలో వైరా, బోనకల్, కూసుమంచి, తిరుమలాయపాలెం వైపు నుంచి పొద్దున్నే ఆటోలో కాలిన మోటారు వేసుకుని వచ్చేస్తారు. చేలో మిర్చి ఎండిపోతుంటే రైతు ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లు బేరం గురించి గట్టిగా మాట్లాడలేరు.

ఈ వ్యాపారం సగం అరువు మీదే నడుస్తుంది. అయిదు హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ తీసుకెళ్ళే రైతు సగం డబ్బు చేతిలో పెడతాడు, మిగతాది పంట అమ్మాక. ఖమ్మం యార్డుకు మిర్చి బస్తాలు రావడం మొదలైతే మాకు వసూళ్ళు మొదలవుతాయి. 2025లో మిర్చి ధర దారుణంగా పడిపోయింది. పక్కన ఆంధ్రలో అయితే క్వింటాల్‌కు 11,781 రూపాయల ధర కట్టి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆదుకోవలసి వచ్చింది. మా దగ్గరి రైతుల పరిస్థితీ అంతే. ఆ ఏడు మా వసూళ్ళు నిలిచిపోయాయి. మరోపక్క ఆన్‌లైన్‌లో మోటారు ధర చూసుకుని వచ్చి "ఇదిగో, ఇంతకే ఇస్తున్నాడు" అని ఫోన్ చూపించేవాళ్లు పెరిగారు. కాలిపోతే తిరిగి మా దగ్గరికే వస్తారనుకోండి. ఇంట్లో కెనడా మాట గట్టిగా వినపడింది అప్పుడే. మా ఆయన చిన్ననాటి స్నేహితుడు ఒకాయన టైల్స్ షాపు తీసేసి కుటుంబంతో సహా బ్రాంప్టన్‌లో స్థిరపడ్డాడు. వారం వారం ఫోన్ చేస్తాడు.

ఇక మా వెతుకులాట సంగతి. వయసు గురించి మొదట చెప్పాలి, ఎందుకంటే చాలామంది డబ్బు ఉంటే చాలనుకుంటారు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (పాయింట్లు లెక్కగట్టి పీఆర్, అంటే శాశ్వత నివాసానికి పిలిచే పద్ధతి) జీవిత భాగస్వామితో కలిసి దరఖాస్తు చేస్తే ఇరవైల్లో ఉన్నవాళ్లకు వయసుకు 100 పాయింట్లు వస్తాయి. 40 ఏళ్లకు 45, ఆపైన ఏటా పది చొప్పున తగ్గి 44కి 5 మిగులుతాయి. 45 నిండితే సున్నా. కెనడాలో పనిచేసిన అనుభవం ఉన్నవాళ్లకు పెట్టే డ్రాలలోనే (ఎంపిక విడతల్లోనే) 2024, 2025ల్లో మొత్తం పాయింట్ల కటాఫ్ 500 దాటి నడిచింది. ఆస్ట్రేలియాలో పాయింట్ల మీద ఇచ్చే వీసాలకు 45 లోపు ఉండాల్సిందే. అక్కడ వ్యాపారస్తులకు ప్రత్యేకంగా ఉన్న 188 వీసా 2024 జులై తర్వాత కొత్తవాళ్లకు లేదు.

వ్యాపారస్తుల కోసం అని పెట్టిన దారులే ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కెనడా పెట్టుబడిదారుల పథకం 2014లోనే పోయింది. స్వయం ఉపాధి పథకం 2024 ఏప్రిల్ 30 నుంచి ఆగిపోయింది. స్టార్టప్ వీసాకు 2025 డిసెంబర్ 31తో కొత్త దరఖాస్తులు ఆపేశారు. మిగిలింది ప్రావిన్సుల పథకాలు. బ్రిటిష్ కొలంబియా ప్రధాన పథకమే చూడండి: 6 లక్షల కెనడా డాలర్ల నికర ఆస్తి చూపించాలి, అందులో 2 లక్షలు అక్కడి వ్యాపారంలో పెట్టాలి, ఒకరికి ఉద్యోగం ఇవ్వాలి. మన డబ్బుల్లో ఆస్తి లెక్క మూడున్నర కోట్ల పైమాటే. అదీ వెళ్ళగానే పీఆర్ చేతిలో పెట్టరు. ముందు వర్క్ పర్మిట్ మీద వెళ్ళి, ఒప్పుకున్నట్టు వ్యాపారం నడిపి చూపిస్తేనే తర్వాతి మెట్టు.

అమెరికాతో ఒప్పందం ఉన్న దేశాల వ్యాపారస్తులకు ఇచ్చే ఇ-2 వీసా గురించి ఎవరైనా చెప్తే వినకండి, ఆ దేశాల్లో భారత్ లేదు. పెట్టుబడి మీద గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-5కి తక్కువలో తక్కువ 8 లక్షల డాలర్లు, అంటే ఏడు కోట్లు, పైగా పది మందికి ఉద్యోగాలు రావాలి. బ్రిటన్ ఇన్నోవేటర్ ఫౌండర్ వీసాకు కనీస పెట్టుబడి నిబంధన తీసేశారు గానీ ఆలోచన సరికొత్తదని అక్కడి సంస్థ ఒకటి ధ్రువీకరించాలి. బోరు మోటార్ల షాపు సరికొత్త ఆలోచన అని ఎవరు సంతకం పెడతారు?

హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళాం. మర్యాదగానే మాట్లాడాడు, లేనిపోని ఆశలు పెట్టలేదు. మా ఆయనకు 45 నిండాయి, నాకు 41. నేను ఎం.కాం. అతను ఇద్దరి వివరాలు చూసి, "సార్‌కు వయసు పాయింట్లు రావు. మేడమ్‌ను మెయిన్ అప్లికెంట్‌గా పెడదాం. వయసు తక్కువ, చదువు ఎక్కువ" అన్నాడు. నాకు చాలా సంతోషం వేసింది. తర్వాత అడిగాడు, "మేడమ్ ఏం చేస్తారు?"

షాపు చూసుకుంటానన్నాను.

"జీతం తీసుకుంటారా?" లేదు. "పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో పేరుందా?" లేదు, షాపు ఆయన ఒక్కరి పేరు మీదే ఉంది. "ఐటీ రిటర్న్‌లో బిజినెస్ ఇన్‌కమ్ చూపిస్తున్నారా?" లేదు. అతను కాసేపు ఆగి, ఫారంలో హోమ్ మేకర్ అని టైప్ చేశాడు. అతని తప్పేం లేదు. స్వయం ఉపాధికి కెనడా వాళ్లు అడిగేవి యాజమాన్యం కాగితాలు, ఆదాయం రుజువులు, మన దగ్గర పని చేయించుకున్నవాళ్లు డబ్బు వివరాలతో ఇచ్చే పత్రాలు. నేను ఫలానా పని చేశానని నాకు నేనే రాసుకుంటే చెల్లదు. నా పనికి ఆనవాలుగా ఉన్నవి జీఎస్టీ వచ్చిన 2017 జులై నుంచి ప్రతి నెలా నేనే వేసిన రిటర్న్‌లు. వాటిలో ఒక్కదాని మీద కూడా నా పేరు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మా ఆయన మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. కోపం కెనడా మీద కాదు. మన ఊళ్లలో షాపులన్నీ ఇలాగే నడుస్తున్నాయి. మెడికల్ షాపు, ఫ్యాన్సీ షాపు, టిఫిన్ సెంటర్, ఎరువుల కొట్టు, ఎక్కడ చూసినా కౌంటర్ వెనక ఒక ఆడమనిషి ఉంటుంది, రికార్డుల్లో ఉండదు. మామూలు రోజుల్లో ఎవరికీ ఇబ్బంది ఉండదు. దేశం మారాలన్నప్పుడు, విడిపోవలసి వచ్చినప్పుడు, భర్త హఠాత్తుగా పోయినప్పుడు బయటపడుతుంది. పీఆర్ వచ్చి వెళ్ళినా ఆమె అక్కడికి చేరేది పని అనుభవం లేని మనిషిగానే. అప్పటిదాకా నలుగురికి పని చెప్పిన మనిషి ఉద్యోగం కోసం మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళి "ఇంతకుముందు ఏం చేశారు" అనే ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. దంపతులుగా వెళ్ళాలనుకునే వ్యాపారస్తులు ఈ ఒక్క సంగతి గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకోవాలని నా గట్టి నమ్మకం. మగవాళ్లు దీన్ని చిన్న విషయంగా తీసేస్తారు.

సరే, ఎలాగో దారి దొరికింది అనుకుందాం. షాపు ఏం చేయాలి? తెలిసినాయన ద్వారా కొనడానికి ఒక పార్టీ వచ్చింది. స్టాకంతా చూశారు. పాత మోడళ్లు, రంగు పోయిన పైపులు డెడ్ స్టాక్ అని పక్కన పెట్టించారు. మిగతా సరుక్కి కొన్న రేటు ఇస్తామన్నారు. కంపెనీ డీలర్‌షిప్ మనం అమ్మగలిగేది కాదు, కొత్తవాళ్లకు ఇవ్వాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. గుడ్‌విల్ కింద ఏదో కొంత అన్నారు. బాకీల పుస్తకం చూపిస్తే తెరవను కూడా తెరవలేదు. "అవి మీరే వసూలు చేసుకోండి" అన్నారు. న్యాయమే. ఫలానా ఊళ్లో ఫలానా రైతు ఆలస్యం చేస్తాడు కానీ ఎగ్గొట్టడు, ఫలానా ఆయన కొడుకుని అడిగితే ఇస్తాడు, ఫలానా మెకానిక్ దసరాకు లెక్క తేలుస్తాడు, ఇవి మా ఇద్దరికే తెలుసు. మా మొత్తం పెట్టుబడిలో పెద్ద భాగం ఆ పుస్తకంలో ఉంది. వేరేవాళ్ల చేతిలో అది చిత్తు కాగితం.

దీనికి ఇంకో చిక్కు ఉంది. షాపు తీసేస్తున్నారని బజార్లో పొక్కిన రోజు నుంచి మనకు రావలసినవి ఆగిపోతాయి, మనం ఇవ్వలసినవాళ్లు వరసగా వస్తారు. బ్యాంకువాళ్లకు తెలిస్తే సీసీ లిమిట్ (వ్యాపారానికి ఇచ్చే అప్పు పరిమితి) గురించి ఫోన్లు మొదలవుతాయి. గుమాస్తాలు వేరే పని వెతుక్కుంటారు, వాళ్లనూ తప్పు పట్టలేం. కాబట్టి వెళ్ళాలా వద్దా అని నలుగురి సలహా అడిగే వీలు కూడా వ్యాపారస్తులకు ఉండదు. సొంత బావమరిదికి చెప్పినా వారంలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో మాట్లాడుకుంటారు. ఉద్యోగస్తుడికి ఈ బాధ లేదు. వీసా చేతికి వచ్చాక నోటీసు ఇస్తాడు.

డబ్బు తరలించడం అందరూ భయపడేంత కష్టమేం కాదు, ముందుగా ప్లాన్ చేసుకుంటే. ఇక్కడ నివాసిగా ఉన్నంతకాలం రిజర్వ్ బ్యాంక్ ఎల్ఆర్ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకునే పథకం) కింద ఒక్కొక్కరు ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల వరకు పంపుకోవచ్చు. చదువు, వైద్యం లాంటివి కాక పెట్టుబడికో ఇంకో దానికో పంపితే 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే తీసుకునే పన్ను) పట్టుకుంటారు. అది తర్వాత పన్నులో సర్దుకుంటుంది గానీ అన్ని నెలలు ఆ డబ్బు చేతిలో ఉండదు. ఎన్ఆర్ఐ అయ్యాక ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలు ఇక్కడి డబ్బు ఉంచుకునే ఖాతా) నుంచి ఏటా 10 లక్షల డాలర్ల దాకా తీసుకెళ్ళవచ్చు. ఇల్లో స్థలమో అమ్మాలనుకుంటే వెళ్ళకముందే అమ్మడం సులువు. అమ్మేది ఎన్ఆర్ఐ అయితే కొనేవాళ్లు మామూలు ఒక శాతం బదులు ఎక్కువ టీడీఎస్ (ధరలోంచి ముందే మినహాయించే పన్ను) పట్టి కట్టాలి, ఆ లెక్క తెలియక చాలామంది కొనడానికే వెనకాడతారు. పొలం సంగతి మాత్రం గుర్తుపెట్టుకోండి. ఉన్న పొలం ఉంచుకోవచ్చు, కొత్తగా కొనడానికి ఎన్ఆర్ఐలకూ ఓసీఐలకూ (విదేశీ పౌరసత్వం ఉన్న మనవాళ్లకూ) వీల్లేదు. ఎన్ని ఏళ్లకు తిరిగొచ్చినా నాలుగెకరాలు కొనుక్కుందాం అనే ఆలోచన ఉన్నవాళ్లు కెనడా పౌరసత్వం తీసుకునేముందు రెండుసార్లు ఆలోచించాలి, ఎందుకంటే మనకు ద్వంద్వ పౌరసత్వం లేదు.

డబ్బు అలా వెళ్తుంది. పరపతి మాత్రం ఇక్కడే ఉండిపోతుంది. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలో ఎన్ని కాలనీలు మునిగాయో అందరూ చూశారు. మా గోడౌన్‌లోకి నడుం లోతు నీళ్లు వచ్చాయి. కింది వరసలో ఉన్న మోటార్ల పెట్టెలు, స్టార్టర్లు, కేబుల్ చుట్టలు బురదలో కూరుకుపోయాయి. నీళ్లు తీసిన రెండో రోజు పొద్దున షట్టర్ ఎత్తేసరికి మా దగ్గర పనిచేసేవాళ్లే కాదు, బయటి మెకానిక్‌లు కూడా పలుగూ పారా పట్టుకుని వచ్చి నిలబడ్డారు. బురద కడిగి, మోటార్లు విప్పి, వైండింగ్‌లు ఎండబెట్టి, ఏవి బతుకుతాయో ఏవి బతకవో వాళ్లే తేల్చారు. నేను భోజనాలు వండి పంపాను, కూలి ఇస్తానంటే కొందరు తీసుకోలేదు. కోయంబత్తూరు నుంచి మాకు పంపులు పంపే సప్లయర్‌కు నెలాఖరున పెద్ద చెక్కు వెళ్ళాల్సి ఉంది. నేనే ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆయన చెక్కు బ్యాంకులో వేయకుండా ఆపడమే కాకుండా, ఇంకో లోడు అడగకుండానే పంపించాడు. వరద తర్వాత మోటార్లకు గిరాకీ ఉంటుందని ఆయనకు తెలుసు, మేం ఎగ్గొట్టమని ఇంకా బాగా తెలుసు. వందల మైళ్ల దూరంలో ఉన్న మనిషి, మేం ఆయన్ను చూసింది ఎక్కువలో ఎక్కువ ఒకట్రెండు డీలర్ల మీటింగుల్లో.

ఇలాంటిది బ్రాంప్టన్‌లో సంపాదించుకోలేమా అంటే, సంపాదించుకోవచ్చు. మామయ్యకు ఇక్కడ అది రావడానికి జీవితమంతా పట్టింది. ఇరవై అయిదేళ్ల కుర్రాడికి అక్కడ అంత సమయం ఉంది. నలభై అయిదేళ్ల మనిషికి లేదు. అక్కడ బ్యాంకు ముందు మన సిబిల్ స్కోరు చెల్లదు, క్రెడిట్ హిస్టరీ మొదటి నుంచి కట్టుకోవాలి. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు జీతం స్లిప్ అడుగుతారు. అందుకే వ్యాపారం చేద్దామని వెళ్ళినవాళ్లు కూడా ముందు ఏదో ఒక జీతం పనిలో చేరతారు, చాలామంది అక్కడే ఆగిపోతారు.

మా ఆయన స్నేహితుడి కథ అదే. కానీ ఆ కథను జాలిగా చెప్పడం న్యాయం కాదు. ఆయన ఒక గోడౌన్‌లో రాత్రి షిఫ్టు చేస్తాడు, ఆవిడ చిన్నపిల్లల డే కేర్‌లో పని చేస్తుంది. బ్రాంప్టన్ ఉన్న ఒంటారియోలో 2025 అక్టోబర్ నుంచి కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు, వాళ్లకు దానికి కాస్త పైనే వస్తుంది. మా ఆయన ఒకసారి ఉండబట్టలేక అడిగాడు, "షాపు ఓనర్‌వి, అక్కడ అట్టపెట్టెలు మోస్తుంటే ఎలా ఉందిరా" అని. ఆయన చెప్పిన జవాబు నాకు ఇంకా గుర్తుంది. "కాళ్లు నొప్పి పుడతాయి. కానీ నిద్ర పడుతుంది. బాకీ లేదు, చెక్కు బౌన్స్ అనే మాట లేదు, సేల్స్ ట్యాక్స్ వాళ్లు వస్తారనే భయం లేదు. పని అయిపోయాక ఆ గోడౌన్ గురించి ఆలోచించను." ఆవిడ అయితే, పెళ్ళయ్యాక మొదటిసారి తన పేరు మీద జీతం పడిందని చెప్పింది. ఆవిడా టైల్స్ షాపులో నాలాగే కూర్చున్న మనిషి.

వెళ్ళడం వైపు నేను విన్న వాదనల్లో బలమైనది ఇదే. పిల్లల గురించి చెప్పే మాటలన్నిటికన్నా బలమైనది. వ్యాపారం మనిషిని అరగదీస్తుంది, ఆ అలసట నిజం. ఎవరైనా జంట "మాకు ఇక ఈ వ్యాపారం వద్దు, జీతం పని చేసుకుని ప్రశాంతంగా ఉంటాం" అని ఇద్దరూ మనస్ఫూర్తిగా అనుకుంటే, వాళ్లకు దారి దొరికితే, వెళ్ళమనే చెప్తాను. అది వాళ్లు తమ కోసం తాము తీసుకున్న నిర్ణయం. మా ఇంట్లో మేం ఒకరినొకరు అడిగి చూసుకున్నాం. మా ఆయనకు అలసట ఉంది, షాపు మీద విసుగు లేదు. నాకు విసుగు లేదు సరికదా, కాగితం మీద నా పేరు ఎక్కితే ఇంకా పెద్దది చేయాలని ఉంది. అలాంటివాళ్లం గోడౌన్‌లో గంటల లెక్కన పనికి వెళ్తే ఎన్నాళ్లు తట్టుకుంటాం?

ఇక పిల్లలు. మా అమ్మాయి ఇంటర్, అబ్బాయి ఎనిమిదో తరగతి. కెనడా లెక్కలో 22 లోపు, పెళ్ళికాని పిల్లలు తల్లిదండ్రులతో పాటు వస్తారు. పీఆర్ ఉంటే బడి ఉచితం, యూనివర్సిటీ ఫీజు అక్కడివాళ్లతో సమానం. విదేశీ విద్యార్థులు కట్టేదానితో పోలిస్తే ఇది చాలా తక్కువ, ఆ తేడాను తీసిపారేయకూడదు. పైగా 2024 జనవరిలో కెనడా విద్యార్థి వీసాలకు పరిమితి పెట్టింది. పిల్లలే తర్వాత సొంతంగా వెళ్తారులే అని ధీమాగా అనుకునే రోజులు కావు.

అయినా నా లెక్క మారలేదు, ఎందుకో చెప్తాను. అమ్మాయి ఇక్కడే ఇంజినీరింగ్ చదివి, ఆ తర్వాత జర్మనీలో ఎం.ఎస్. చేయాలంటోంది. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమ చేసి ఉంచాల్సిన ఖాతాలో) ఏడాది ఖర్చుకు చూపించాల్సింది 11,904 యూరోలు. ఇక్కడి ఇంజినీరింగ్ ఖర్చైనా, ఆ తర్వాత ఆ మొత్తమైనా షాపు నడుస్తుంటే మేం సర్దగలం. షాపు మూసి, ఇద్దరం కొత్త దేశంలో అద్దె కట్టుకుంటూ, జీతాల మీద నిలదొక్కుకునే మొదటి నాలుగేళ్లు సర్దలేం. సరిగ్గా ఆమెకు డబ్బు కావలసిన నాలుగేళ్లు అవే. అబ్బాయికి లాభం ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వాడిని అడిగితే వాడికి షెడ్డులో మోటారు విప్పి చూడటమంటే ఇష్టం. పదమూడేళ్ల పిల్లాడి ఇష్టాలు మారతాయి. అవి మారాక వాడి దారి వాడు ఎంచుకోవచ్చు. మా ఇద్దరి పని, అత్తయ్య వృద్ధాప్యం, నలుగురు గుమాస్తాల సంసారాలు కలిపి దానికి పణంగా పెట్టక్కర్లేదు.

అత్తయ్య గురించి ఒక్క మాట. కెనడా సూపర్ వీసా మీద తల్లిదండ్రులు ఒకసారి వస్తే అయిదేళ్ల వరకు ఉండొచ్చు. దానికి మనకు ఆదాయం ఉండాలి, లక్ష డాలర్ల మెడికల్ ఇన్సూరెన్స్ తీయాలి. ఆస్ట్రేలియాలో మామూలు పేరెంట్ వీసాకు నిరీక్షణ 30 ఏళ్లు దాటిందని వాళ్ల ప్రభుత్వమే చెప్తోంది. డెబ్బై దాటిన మనిషికి ఆ అంకె చదివి వినిపించలేం. ఆవిడ మమ్మల్ని ఎప్పుడూ ఆపలేదు. "నా గురించి ఆలోచించకండి" అంటుంది. అలా అన్నంత మాత్రాన ఆలోచించకుండా ఉండలేం కదా.

అందరూ ఉండిపోవాలని నేను అనడం లేదు. వైండింగ్, ఎలక్ట్రికల్ లాంటి చేతి పని సర్టిఫికెట్‌తో సహా వచ్చి, ముప్పై అయిదులో ఉన్నవాళ్లకు దారులు ఉన్నాయి. వ్యాపారం ఎలాగూ ఎత్తిపోయేదే అయితే దాన్ని పట్టుకుని వేలాడక్కర్లేదు. ఎగుమతులు చేసేవాళ్లు, ఇక్కడి కంపెనీ నడుస్తుండగానే అమెరికాలో బ్రాంచి తెరిచి ఎల్-1ఎ (కంపెనీ మేనేజర్లను అక్కడి బ్రాంచికి పంపే వీసా) మీద వెళ్ళే దారి చూసుకోవచ్చు. అందులో ఇక్కడి వ్యాపారం మూతపడకూడదన్నది నిబంధన కూడా, నాకు అదే నచ్చింది. దుబాయ్‌లో ట్రేడ్ లైసెన్స్ తీసుకుని రెండు చోట్లా తిరిగేవాళ్లు మా లైన్‌లోనే ఉన్నారు. హైదరాబాద్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. పౌరసత్వం వైపు తీసుకెళ్ళే దారి కాదది, కానీ షాపు షట్టర్ దించక్కర్లేదు.

మేం వెళ్ళడం లేదు. ఆ ప్రయత్నమంతా ఊరికే పోలేదు. షాపును పార్ట్‌నర్‌షిప్‌గా మారుస్తున్నాం, ఇద్దరికీ చెరి సగం. చెప్పినంత తేలిక కాదు. కొత్త పాన్, కొత్త జీఎస్టీ నంబరు తీసుకోవాలి. పాత దాంట్లో మిగిలిన జీఎస్టీ క్రెడిట్ ఐటీసీ-02 ఫారంతో మార్చుకోవాలి. బ్యాంకు సీసీ లిమిట్ కొత్తగా మంజూరు చేయాలి, కంపెనీలతో డీలర్‌షిప్ అగ్రిమెంట్లు మళ్ళీ రాసుకోవాలి. డీడ్ రాయించేటప్పుడు అత్తయ్యను సాక్షి సంతకం పెట్టమన్నాం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివి, "ఇన్నాళ్లూ దీని పేరు లేదా ఇందులో?" అని కొడుకుని నిలదీసింది. ఆయన దగ్గర జవాబు లేదు. మీది కూడా భార్యాభర్తలు కలిసి నడిపే షాపు అయితే, వెళ్ళే ఆలోచన ఉన్నా లేకపోయినా, కన్సల్టెంట్ ఫీజు కట్టకముందే మీ సీఏ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళండి. ఈ పని కొత్త ఆర్థిక సంవత్సరం మొదట్లో చేస్తే రిటర్న్‌ల తలనొప్పి తక్కువని మా సీఏ చెప్పాడు.